కొత్తవాళ్లతో రోల్‌ప్లే గేమ్ ఆడాలంటే ఏ సిస్టమ్ తీసుకోవాలి?

గాంధారి: మొన్న సెలవుల్లో మా ఖాలా ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి ఒక రోల్‌ప్లే గేమ్ ఆడిద్దామనుకున్నా. లావుపాటి ఇంగ్లీష్ రూల్ బుక్ చదివి చెప్పేసరికే అరగంట పోయింది. తెలుగు మీడియంలో తొమ్మిదో తరగతి చదివే తమ్ముడు "భయ్యా, ఇది ఇంగ్లీష్ వచ్చినోళ్ల ఆట" అని లేచి ఫోన్ పట్టుకున్నాడు. తప్పు వాడిది కాదు, నాదే. కొత్తవాళ్ల ముందు పెట్టాల్సిన సిస్టమ్ అది కాదు. అదే పొరపాటు మీరు చేయొద్దని ఈ వివరాలు.

అసలు ఏమిటీ ఆట?

నలుగురైదుగురు కూర్చుని కలిసి కథ అల్లుకునే ఆట ఇది. ఒకరు కథ నడుపుతారు, వాళ్లను గేమ్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు ఒక్కో పాత్ర తీసుకుంటారు. "నదికి వరద వచ్చింది, ఏం చేస్తారు?" అని మాస్టర్ అడిగితే "నేను ఈత కొడతా", "నేను పడవోడిని బతిమాలుతా" అని జవాబు చెప్పాలి. ఆ పని అయ్యిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. దాస్తాన్‌గోయీలోనైనా ఒగ్గు కథలోనైనా చెప్పేవాళ్లు చెబుతారు, మనం వింటాం. ఇక్కడ వినేవాళ్లే కథను మలుపు తిప్పుతారు. తేడా అంతే.

ఎంచుకునే ముందు 4 ప్రశ్నలు

1. రూల్స్ మొత్తం మన భాషలో 10 నిమిషాల్లో చెప్పగలమా?
2. మామూలు లూడో పాచికతో ఆడొచ్చా?
3. ఒక్క కూర్చోటంలో కథ అయిపోతుందా?
4. ఓడిపోయిన పిల్లాడు పక్కన కూర్చోకుండా ఆటలోనే ఉంటాడా?

నాలుగింటికీ "అవును" అని వస్తేనే మొదటి ఆటకు తీసుకోండి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్

అందరికంటే పేరున్నది ఇదే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చారు. ఒక్క ఆటగాళ్ల పుస్తకమే 300 పేజీలు దాటుతుంది. 4 ముఖాల పాచిక నుంచి 20 ముఖాల పాచిక దాకా రకరకాలవి కావాలి. బేసిక్ రూల్స్ ఉచితంగా దొరుకుతాయి. 2023 జనవరిలో మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చారు కాబట్టి, మూలం పేరు చెప్పి ఎవరైనా తెలుగులోకి తెచ్చుకోవచ్చు. మంచి ఆటే, కానీ నెలల తరబడి కలిసి ఆడే జట్టుకు సరిపోతుంది. మొదటి రోజుకు బరువు.

రీసస్

ఎస్. జాన్ రాస్ రాసిన ఉచిత ఆట. రూల్స్ దాదాపు 6 పేజీలు. ఒక్కో ఆటగాడికి 10 పాచికలు లెక్కలో ఇస్తారు. వాటిని పాత్ర లక్షణాలకు పంచుకోవాలి. ఉదాహరణకు: ఆర్టీసీ డ్రైవర్ 4, వంట మాస్టర్ 3, పాత సినిమాల పిచ్చోడు 3. బండి తప్పించాలంటే డ్రైవర్ పాచికలు 4 వేసి కూడాలి. మాస్టర్ చెప్పిన అంకె వచ్చిందంటే పని అయినట్టే. నవ్వులాటకు ఇది బాగుంటుంది.

లేజర్స్ అండ్ ఫీలింగ్స్

జాన్ హార్పర్ 2013లో తెచ్చిన ఈ ఆట మొత్తం ఒక్క పేజీ, అదీ ఉచితం. అసలు కథ అంతరిక్ష నౌకది, మనం ఏ కథకైనా మార్చుకోవచ్చు. ప్రతి పాత్రకు 2 నుంచి 5 లోపు ఒకే ఒక్క అంకె. లేజర్స్ అంటే బుర్రతో చేసే పని, ఫీలింగ్స్ అంటే మనసుతో చేసే పని అనుకోండి. బుర్ర పనికి మీ అంకె కంటే తక్కువ పడాలి, మనసు పనికి ఎక్కువ పడాలి.

లెక్క చూద్దాం. మీ అంకె 4 అయితే బుర్ర పనికి 1, 2, 3 పనికొస్తాయి, మనసు పనికి 5, 6 మాత్రమే. సరిగ్గా 4 పడితే పని అవడమే కాదు, మాస్టర్‌ను ఒక ప్రశ్న అడిగే హక్కు కూడా వస్తుంది. ముందే సిద్ధమై ఉంటే ఇంకో పాచిక, ఆ పనిలో నిపుణుడైతే మరొకటి. ఒక్కటీ గెలవకపోతే వ్యవహారం అడ్డం తిరుగుతుంది, కథ మాత్రం ఆగదు. మన నాలుగు ప్రశ్నలకూ "అవును" అని జవాబిచ్చేది ఇదే. కాబట్టి మొదటి ఆటకు నా ఓటు దీనికే.

పాచికలంటే ఇంట్లో ఒప్పుకోకపోతే?

ఇది మన దగ్గర నిజంగా ఎదురయ్యే సంగతి. నర్ద్ ఆటను హదీసులో మందలించారు, పందెం లేకున్నా పాచికలు వద్దనే ఉలమా చాలామంది ఉన్నారు. హిందూ ఇళ్లలోనూ పాచికలంటే ముందు శకుని గుర్తొస్తాడు. ఊరి పేరు గాంధారి కాబట్టి ఆ జోకు తప్పదు! దీనికో దారి ఉంది. 1 నుంచి 6 దాకా రాసిన ఆరు చీటీలు మడిచి డబ్బాలో వేయండి. ఒకటి తీసి చూసి మళ్లీ అందులోనే వేయాలి. లెక్క పాచికతో సమానమే. అయినా సందేహం ఉంటే ముందే మీ ఆలిమ్‌ను అడగండి. ఎలాగైనా పైసల పందెం మాత్రం వద్దు.

మొదటి రోజు ఇలా చేయండి

మాస్టర్‌తో కలిపి ఐదుగురికి మించొద్దు. కథ మన చుట్టుపక్కలదే తీసుకోండి: "నిజాంసాగర్ గేట్లు ఎత్తబోతున్నారు, దిగువన మంజీర ఒడ్డున మేకల కాపరి చిక్కుకున్నాడు, మీ చేతిలో గంట టైమే ఉంది." తెలిసిన చోటు అయితే పిల్లలకు ఊహ వెంటనే పారుతుంది. తెలుగో ఉర్దూనో లంబాడీనో, ఎవరికి ఏది వస్తే అందులో మాట్లాడనివ్వండి. గంటన్నరలో ముగించండి.

మా తమ్ముడితో మళ్లీ కూర్చున్నప్పుడు ఒక్క కాగితం, ఆరు చీటీలే పెట్టుకున్నాం. వాడు లేవలేదు. ఆట అయ్యాక "రేపు నేను మాస్టర్ అవుతా భయ్యా" అన్నాడు.