ఒక పీఠం, ముగ్గురు పోపులు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. అయినను 1378 నుండి 1417 వరకు కాథలిక్కుల గురుపీఠానికి మొదట ఇద్దరు, పిమ్మట ముగ్గురు ఏకకాలంలో అధిపతులమని చెప్పుకొన్నారు. అంతకు పూర్వమూ పోటీ పోపులు లేకపోలేదు. వారిలో పలువురు చక్రవర్తులు నిలబెట్టినవారు. ఈ పర్యాయం చిక్కు వేరు. ఇద్దరినీ ఎన్నుకొన్నవారు దాదాపు ఆ కార్డినళ్లే!

డెబ్బది ఏండ్ల పాటు పోపులు ఫ్రెంచివారి ప్రాబల్యంలో అవిన్యోను నగరాన నివసించారు. 1377లో రోముకు తిరిగివచ్చిన పదకొండవ గ్రెగరీ మరుసటి యేడే కాలం చేశాడు. రోమనుగాని, కనీసం ఇటలీవాడినిగాని ఎన్నుకొనవలెనని జనం వీధులలో కేకలు వేశారు. లోపల ఉన్న పదహారుగురు కార్డినళ్లలో అధికులు ఫ్రెంచివారు. వారు ఏప్రిల్ 8న బారీ నగరపు ఆర్చిబిషప్పును ఎన్నుకొన్నారు. ఆయనే ఆరవ అర్బన్. కొన్ని వారాలు అందరూ ఆయనకు మ్రొక్కారు. ఆయన నోటి దురుసుతనం, భోగలాలసులని తమను బహిరంగంగా దూషించడం సహింపక, జనభయంతో చేసిన ఎన్నిక చెల్లదని ప్రకటించి, సెప్టెంబరు 20న ఏడవ క్లెమెంటును ఎన్నుకొన్నారు. అతడు అవిన్యోనుకు చేరుకొన్నాడు.

భయంతో చేసిన ఎన్నిక చెల్లదందామా, ఆ పిదప వారాల తరబడి పెట్టిన దండాల మాటేమి? ఈ వ్యాజ్యానికి తీర్పరి ఎవరు? పోపుకు పైన న్యాయస్థానం లేదు. పోపు ఎవరన్నదే వ్యాజ్యం! ఫ్రాన్సు ఒక వైపు, దాని శత్రువైన ఇంగ్లండు మరొక వైపు నిలిచాయి. సియెన్నా కాథరీను రోము పక్షం, విన్సెంటు ఫెరరు అవిన్యోను పక్షం. తరువాత ఇద్దరూ పునీతులుగా ప్రకటింపబడినవారే. ఇక పామరుడు దేనిని చూచి నిర్ణయించుకోగలడు?

1409లో పీసా నగరాన సభ చేసి, ఇద్దరినీ తొలగించి, మూడవవానిని ఎన్నుకొన్నారు. మొదటి ఇద్దరూ దిగలేదు. 1414లో కాన్‌స్టన్సు నగరాన మహాసభ కూడింది. మహాసభకు పోపు సైతం లోబడవలెనని మరుసటి యేట శాసనం చేసింది. పీసా వంశీయుడు ఇరువది మూడవ జాన్ పారిపోయి పట్టుబడి పదవి కోల్పోయాడు. రోము పక్షపు పన్నెండవ గ్రెగరీ తనంతట తాను తప్పుకొన్నాడు. అవిన్యోను పక్షపు పదమూడవ బెనెడిక్టు మాత్రం సభ తొలగించినా వినక, స్పెయిను తీరాన పెనిస్కోలా కోటలో తానే పోపునని మరణపర్యంతం పట్టుబట్టాడు. 1378 నాటి పదహారుగురిలో ఇతడూ ఒకడు! 1417 నవంబరు 11న అయిదవ మార్టిను ఎన్నికతో పీఠం ఒక్కటయింది.

అయితే 1460లో రెండవ పయస్ పోపు, తన తీర్పుపై మహాసభకు విన్నవించుకొనుటను నిషేధించాడు. యౌవనంలో మహాసభ పక్షాన కలం పట్టినవాడూ ఈయనే. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే కదా! పీఠాన్ని నిలిపిన సూత్రమే, పీఠం నిలిచిన పిదప ద్రోహమయింది. తనపై తీర్పరిని ఒప్పుకొనని అధికారం ఆపద వేళ ఆ తీర్పరినే వెదకుకొంటుంది. ఆపద తీరిన మరునాడు అతడిని మరచిపోతుంది.