నటుని స్వీయచరిత్ర: నవ్వు చెప్పినదీ, దాచినదీ

రాజుల చరిత్రలూ సేనానుల చరిత్రలూ రాయడం పూర్వంనుంచీ ఉన్నదే. పొట్టకూటికి వేషం కట్టినవాడు తన కథ తానే రాసుకోవడం ఆలస్యంగా వచ్చిన ఆచారం. ఇంగ్లండులో దానికి బలమైన పునాది వేసినది 1740లో వెలువడిన కోలీ సిబ్బర్ ఆత్మకథ. నటుల ఆత్మకథలు చదవబూనిన విద్యార్థి దీనితోనే ప్రారంభించడం మంచిదని నా అభిప్రాయం.

సిబ్బర్ 1671లో లండనులో ఒక శిల్పి ఇంట పుట్టాడు. బడిలో రాసిన వ్యాసానికి దెబ్బలు తిన్నాననీ, అందులో బాగున్న భాగం మాత్రం తరగతిలో అందరికంటే బాగుందని కొట్టిన మాస్టారే అన్నాడనీ చెబుతాడు. గొంతు పీల, ఒళ్లు బక్క, ముఖం పాలిపోయినది: నాయకపాత్రలు ఆశించిన యువకుడు తన్ను వర్ణించుకున్న తీరు ఇది.

ఈ హాస్యంలో చరిత్ర ఉంది. రెండవ చార్లెస్ రాజు వేళకు ముందే నాటకశాలకు వచ్చి, ఇంకా మొదలుపెట్టరేమని కబురంపాడట. రాణిగారికి ఇంకా క్షవరం కాలేదని జవాబు వచ్చింది! ఇంగ్లీషు రంగస్థలంమీద స్త్రీలు వృత్తిగా నటించడం 1660 తర్వాతి మాట. అంతకుముందు అక్కడా మన స్థానం నరసింహారావుగారివంటివారే నాయికలు.

అసలైన చరిత్ర జీతాల దగ్గర ఉంది. 1690 ప్రాంతంలో డ్రూరీ లేన్‌లో చేరిన సిబ్బర్ ముప్పాతిక సంవత్సరం జీతం లేకుండా పనిచేశాడు. రోజూ ఉచితంగా నాటకాలు చూడవచ్చుగదా అని సంబరపడ్డానంటాడు. ఆ సంబరం ఎవరి పెట్టె నింపిందో వేరే చెప్పాలా? ఆపైన దొరికినది వారానికి 10 షిల్లింగులు. 1695లో బెటర్టన్ నాయకత్వాన ప్రముఖ నటులు యజమాని క్రిస్టఫర్ రిచ్‌ను ధిక్కరించి వేరే నాటకశాల పెట్టుకున్నారు. సిబ్బర్ వారితో వెళ్లలేదు. అతని జీతం 20నుంచి 30 షిల్లింగులైంది. కాలక్రమాన తానే యజమానులలో ఒకడైనాడు. 1730లో ఆస్థానకవి అయినాడు.

అహంకారాన్ని ఇంత బాహాటంగా ఒప్పుకున్న ఈ రచయిత తన ఇంటి విషయంలో దాదాపు మౌనం వహించాడు. ఆ మౌనాన్ని 1755లో కూతురు షార్లెట్ చార్క్ తన స్వీయచరిత్రతో బద్దలుకొట్టింది. మగదుస్తులలో తిరిగి, సాసేజీలు అమ్మి, ఊరూరా తిరిగే నాటకబృందాలతో బతికిన నటి ఆమె. క్షమించమని తండ్రికి రాసిన ఉత్తరం ఒక్క మాటైనా లేకుండా తిరిగివచ్చిందని ఆమె రాసింది.

తన్ను తాను ఎగతాళి చేసుకోవడం నిజాయితీలో మొదటి మెట్టు మాత్రమే. తనవల్ల నష్టపోయినవారిని గురించి చెప్పడం పై మెట్టు. సిబ్బర్ ఎక్కనిది అదే. కనుక తండ్రి పుస్తకం మూసిన చేత్తోనే కూతురి పుస్తకం తెరవాలి.