భాషా గూళ్లు: సముద్రాలు దాటి చేతులు కలిపిన ఆదివాసీ గురువులు

ఏటా ఆగస్టు 9 రాగానే మన గూడేల్లో డోలు మోగుతుంది. ర్యాలీ తీస్తాం, కుమురం భీం విగ్రహానికి పూలదండ వేస్తాం, పిల్లలచేత పాటలు పాడిస్తాం. ఆ తేదీ ఎక్కడి నుంచి వచ్చిందని మా హాస్టల్ పిల్లల్ని అడిగితే ఎక్కువమంది తల దించుకున్నారు. తప్పు వాళ్లది కాదు, చెప్పని మాది. 1982 ఆగస్టు 9న జెనీవా నగరంలో ఆదివాసీల సమస్యలపై ఐక్యరాజ్యసమితి వేసిన బృందం మొదటిసారి సమావేశమైంది. ఆ రోజుకు గుర్తుగా 1994 డిసెంబరులో సమితి సర్వప్రతినిధి సభ ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీల దినంగా ప్రకటించింది.

జెనీవా కథ కొంతమందికైనా తెలుసు. అదే 1982లో, అక్కడికి ఎంతో దూరాన ఉన్న న్యూజిలాండ్‌లో కొందరు అవ్వలు, తల్లులు మొదలుపెట్టిన పని మాత్రం మన దాకా రాలేదు. ఆదివాసీ పంతుళ్లు దేశాలు దాటి ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న కథ అది. యువతీ యువకులైన మీరు తెలుసుకోవలసిన చరిత్ర ఇది అనుకొని ఇక్కడ రాస్తున్నాం.

బడిలో పోయిన మాట

న్యూజిలాండ్ మూలవాసులు మావోరీలు. 1867 చట్టంతో వాళ్ల పిల్లల కోసం ప్రభుత్వం బడులు పెట్టింది. చదువు ఇంగ్లీషులో. బడి ఆవరణలో మావోరీ మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. ఆ దెబ్బలు తిన్నవాళ్లు పెద్దవాళ్లై, తమ పిల్లలకు ఆ బాధ వద్దని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పనుల కోసం పట్నాలకు వలస పోవడంతో ఊళ్లో ఉన్న అవ్వకూ పట్నంలో ఉన్న మనవడికీ మధ్య మాట తెగిపోయింది. 1970లు వచ్చేసరికి మావోరీ ధారాళంగా మాట్లాడే పిల్లలు చాలా అరుదైపోయారు.

కెనడా కథ ఇంకా చేదు. అక్కడ సుమారు 1.5 లక్షల మంది ఆదివాసీ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వసతి బడుల్లో పెట్టారు. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష పలికితే శిక్షించారు. ఎంతోమంది పిల్లలు ఇంటికి తిరిగి రాలేదు. చివరి బడి 1990లలో గాని మూతపడలేదు. 2008 జూన్ 11న కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. హాస్టల్ నడిపే మేము ఈ చరిత్ర చదివినప్పుడు చాలాసేపు పుస్తకం పక్కన పెట్టవలసి వచ్చింది. మన హాస్టళ్లు అలాంటివి కావు. ఇవి లేకపోతే మనలో చాలామందికి చదువే లేదు, మాకూ ఉండేది కాదు. అయినా పిల్లవాణ్ని ఇంటి నుంచి తెచ్చి పెంచే చోట ఆ పిల్లవాడి మాట ఏమవుతోందన్న ప్రశ్న మనకూ తప్పదు.

అవ్వలే పంతుళ్లు

1972 సెప్టెంబరు 14న మావోరీ యువకులు, విద్యార్థులు 30,000కు పైగా సంతకాలతో న్యూజిలాండ్ పార్లమెంటుకు ఒక అర్జీ ఇచ్చారు. బడుల్లో మా భాష నేర్పండి అన్నదే వాళ్ల కోరిక. ఆ అర్జీ మోసినవాళ్లు మీ వయసు వాళ్లే. పదేళ్లకు, 1982లో, వెలింగ్టన్ దగ్గరి వైనుయోమాత అనే చోట మొదటి 'కోహంగ రేయో' తెరుచుకుంది. ఆ మాటకు అర్థం భాషా గూడు.

అందులో పలక లేదు, బెత్తం లేదు. ఇంకా బడి ఈడు రాని పసిపిల్లల్ని పొద్దున తెచ్చి వదిలితే, మావోరీ బాగా వచ్చిన అవ్వలు, తాతలు వాళ్లతో ఆడేవారు, పాడేవారు, అన్నం పెట్టేవారు, జోకొట్టేవారు. అన్నీ మావోరీలోనే. గడప లోపల వేరే భాష రాకూడదన్నదే నియమం. మధ్య తరానికి భాష పోయింది కాబట్టి దాన్ని దాటి అవ్వ ఒడి నుంచి నేరుగా మనవడి నోటికి అందించారు. భాష రాని తల్లిదండ్రులు కూడా పిల్లలతోపాటు కూర్చుని నేర్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఇలాంటి గూళ్లు దాదాపు వందకు చేరాయి.

తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. గూట్లో నేర్చిన పిల్లలు ఇంగ్లీషు బడికి వెళ్లగానే మాట మరిచిపోసాగారు. దాంతో 1985లో ఆక్లాండ్‌లో మావోరీ మాధ్యమంలో సొంత బడి పెట్టుకున్నారు. 1987లో మావోరీ భాషకు అధికార హోదా ఇస్తూ చట్టం వచ్చింది. చట్టం రావడానికి ఐదేళ్ల ముందే అవ్వలు పని మొదలుపెట్టారన్న సంగతి గుర్తుంచుకోండి.

ఒక అతిథి మాటతో

పసిఫిక్ సముద్రంలోనే ఉన్న హవాయి దీవులు ఒకప్పుడు సొంత రాజ్యం. 1893లో ఆ రాజ్యాన్ని కూలదోశారు. 1896లో బడుల్లో ఇంగ్లీషే బోధనా భాష అని చట్టం చేశారు. 1980లు మొదలయ్యేసరికి, నీహావ్ అనే ఒక చిన్న దీవిని మినహాయిస్తే, హవాయి భాష పుట్టుకతో మాట్లాడే పిల్లలు 50 మంది కూడా లేరు.

1982లో తీమోతి కారెతు అనే మావోరీ పండితుడు హవాయికి వెళ్లారు. తమ భాషా గూళ్ల గురించి అక్కడి ఉపాధ్యాయులకు చెప్పారు. ఆ మాట వాళ్ల మనసుల్లో నాటుకుంది. 1983లో కొద్దిమంది హవాయి భాషా ఉపాధ్యాయులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. 1984లో కవాయి దీవిలో మొదటి 'పూనానా లేయో' తెరిచారు. ఆ పేరులో కూడా గూడే ఉంది, గొంతుల గూడు.

ఇక్కడ ఒక అడ్డంకి వచ్చింది. టీచర్ ట్రైనింగ్ చేసిన మాలాంటి వాళ్లం ప్రత్యేకంగా ఆలోచించవలసిన అడ్డంకి అది. చిన్నపిల్లల బడిలో పనిచేయాలంటే సర్టిఫికెట్ ఉండాలని ప్రభుత్వ నిబంధన. భాష వచ్చిన అవ్వలకు సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు భాష రాదు. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఏటా చట్టసభ చుట్టూ తిరిగారు. చివరికి 1986లో తొంభై ఏళ్ల నాటి ఆంక్ష తొలగింది, ఆ అవ్వలకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు కూడా దొరికింది. మరుసటి ఏడాది ప్రభుత్వ బడుల్లోనే హవాయి మాధ్యమం తరగతులు మొదలయ్యాయి. పుస్తకాలు లేవు. తల్లిదండ్రులు రాత్రిళ్లు కూర్చుని ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల మీద హవాయి వాక్యాలు రాసిన కాగితాలు కత్తిరించి అంటించారు. అలా చదివిన మొదటి పిల్లలు 1999లో హైస్కూలు చదువు పూర్తి చేశారు.

హవాయి వాళ్లు మావోరీ పాఠాలను తెచ్చి అప్పజెప్పలేదు. పద్ధతి అక్కడిది, పాటలూ కథలూ తమవే. ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవడం అంటే ఇదే అని మాకు అనిపిస్తుంది. ఈ గూడు అక్కడితో ఆగలేదు. ఉత్తర ధ్రువానికి దగ్గరగా, ఫిన్లాండ్‌లోని ఇనారి ప్రాంతంలో, మూడు నాలుగు వందల మంది మాత్రమే మాట్లాడే ఇనారి సామీ భాషకు 1997లో భాషా గూడు పెట్టారు. మంచు దేశంలో పెరిగే పిల్లలకు వేడి దీవుల అవ్వల ఉపాయం పనికొచ్చింది.

మహాసభల నుంచి హక్కుల పత్రం దాకా

ఇలా విడివిడిగా కలుసుకున్న గురువులు ఒకచోట కూడాలనుకున్నారు. 1987లో కెనడాలోని వాంకూవర్‌లో మొదటి ప్రపంచ ఆదివాసీ విద్యా మహాసభ జరిగింది. వసతి బడుల గాయం ఇంకా పచ్చిగా ఉన్న దేశంలోనే ఆ పని మొదలైంది. 1990లో రెండో సభ మావోరీల గడ్డ మీద, 1993లో మూడోది ఆస్ట్రేలియాలో జరిగాయి. ఆదివాసీల విద్యా హక్కులపై కూలంగట్టా ప్రకటన ఆ కాలంలోనే రూపు దిద్దుకుంది. 1999 ఆగస్టులో హవాయిలోని హిలో నగరంలో కూడిన మహాసభ దాన్ని ఆమోదించింది. మా పిల్లలకు ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో నిర్ణయించే హక్కు మాది అన్నదే దాని సారాంశం. హవాయి మాధ్యమం పిల్లలు మొదటిసారి హైస్కూలు దాటిన ఏడాదే అక్కడ ఆ మాట ఆమోదం పొందింది. 2002లో కెనడాలోనే ఆదివాసీ ఉన్నత విద్యాసంస్థల ప్రపంచ కూటమి కూడా ఏర్పడింది.

చట్టాల వైపూ చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1957లో చేసిన 107వ ఒప్పందాన్ని మన దేశం 1958లో ఆమోదించింది. పిల్లలకు మాతృభాషలో చదవడం, రాయడం నేర్పాలని అందులో ఉంది. కాని ఆదివాసీలు క్రమంగా మిగతా సమాజంలో కలిసిపోవాలన్నదే దాని అసలు ఆలోచన. 1989 నాటి 169వ ఒప్పందం ఆ ఆలోచన మార్చుకుని, చదువును ఆదివాసీలతో కలిసి రూపొందించాలని చెప్పింది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసీల హక్కుల ప్రకటన వచ్చింది. సొంత భాషలో, సొంత పద్ధతిలో విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు దాని 14వ అధికరణంలో ఉంది. మన దేశంతోపాటు 144 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. వ్యతిరేకించినవి నాలుగే: అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. ఏ దేశాల్లో గురువులు అంత పని చేశారో ఆ దేశాల ప్రభుత్వాలే కాదన్నాయి! తర్వాత మూడు నాలుగేళ్లలో నాలుగూ తమ మాట మార్చుకున్నాయి. అంటే పని చేసేవాళ్లు ప్రభుత్వం ఒప్పుకునేదాకా ఆగలేదు.

మార్లవాయి మన ఇంటి పాఠం

ఇదంతా పరాయి దేశాల గొప్ప అనుకోకండి. 1940లో కుమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, గోండుల బాధలేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అప్పుడు తోచింది. ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు ఆ పని అప్పగించింది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందువల్ల యుద్ధకాలంలో ఆయన హైదరాబాద్ రాజ్యం దాటకుండా ఉండవలసి వచ్చింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మనవాళ్ల మధ్య ఉన్నారు, గోండి నేర్చుకున్నారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిలో తయారయ్యాయి. మావోరీ గూడుకు దాదాపు నలభై ఏళ్ల ముందే మన గడ్డ మీద మన భాషలో మన యువకులే పంతుళ్లయ్యారు. ఆ తలుపు తెరిచింది భీం త్యాగం. బెట్టీ సమాధి నేటికీ మార్లవాయిలో ఉంది.

ఇంకా వెనక్కి వెళితే, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టి, వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం గాని సవర సంగతి ఎందరు తలుస్తున్నారు? 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కొలామి, కోయ, సవర సహా ఎనిమిది భాషల్లో ప్రాథమిక వాచకాలతో బహుభాషా విద్య మొదలైంది. మనకు లోటు ఆరంభాల్లో లేదు, కొనసాగింపులో ఉంది.

మా తప్పు, మీ పని

ఇక మా మాట. వార్డెన్‌గా చేరిన కొత్తలో భోజనశాల గోడ మీద 'తెలుగులోనే మాట్లాడండి' అని మేమే రాయించాం. పిల్లల మంచికే అనుకున్నాం. ఆ ఏడాది మూడో తరగతిలో చేరిన ఒక కొలాం పిల్ల దసరా సెలవుల దాకా నోరు విప్పలేదు. మూగపిల్లేమో అనుకున్నాం. ఒకరోజు వంటగది వెనుక నుంచి గలగల నవ్వు వినిపించింది. చూస్తే ఆ పిల్లే. వంట చేసే అవ్వతో కొలామిలో ఇంటి ముచ్చట్లు చెబుతోంది. సంక్రాంతి నాటికి ఆ పిల్ల తెలుగూ మాట్లాడింది. మా శిక్షణ చేయలేని పని వంటవ్వ చేసింది. గోడ మీది రాత మేమే సున్నం వేసి చెరిపేశాం. ఆ అవ్వకూ సర్టిఫికెట్ లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన గోండి తెలంగాణలో తెలుగు బడికి, మహారాష్ట్రలో మరాఠీ బడికి, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో హిందీ బడికి పోతోంది. సముద్రం దాటి మావోరీలు, హవాయి వాళ్లు కలిశారు. పెన్‌గంగ దాటి మనం కలవలేమా? అవతలి ఒడ్డు గోండు పంతులు ఏం చేస్తున్నాడో అడిగి తెలుసుకోలేమా? గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఫోన్‌లో రాసుకునే వీలు వచ్చింది, రాసేవాళ్లే కావాలి.

ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ అవ్వ పక్కన కూర్చుని ఒక కథ చెప్పమనండి, ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత మీ గూడెం అంగన్‌వాడీకి వెళ్లి అదే కథ అదే భాషలో పిల్లలకు చెప్పండి. అవ్వను వెంట తీసుకెళితే మరీ మంచిది. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 దాకా ఆదివాసీ భాషల దశాబ్దమని ప్రకటించింది. ఆ పదేళ్లు గడిచిపోతాయి. అవ్వలు కూడా మన కోసం ఆగరు.

జోహార్ కుమురం భీం! జై ఆదివాసీ!