ఐర్లాండ్ నక్క, .22 తుపాకి

కొయోటీకి ఏ తూటా మంచిదని అమెరికా మిత్రులను అడిగితే పదిమంది పది పేర్లు చెబుతారు. మా ఐర్లాండ్‌లో కొయోటీలు లేవు. గొర్రెపిల్లలను ఎత్తుకుపోయేది నక్క. దానికి తూటాను చాలాకాలం నిర్ణయించింది వేటగాడు కాదు, చరిత్ర.

ఉత్తర ఐర్లాండ్ అల్లర్లు ముదిరిన 1972 ఆగస్టులో, .22 దాటిన రైఫిళ్ళను అప్పగించమని ప్రభుత్వం ఆజ్ఞాపించింది. ఆజ్ఞ నెల రోజులకే అయినా తుపాకులు ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు. కుందేళ్ళకు సరిపోయే మామూలు .22 దూరంలోని నక్కను చంపదు, గాయపరిచి వదులుతుంది. అందుకే దాదాపు అదే వ్యాసంతో, ఎన్నోరెట్లు మందు పట్టే .22-250 వైపు వేటగాళ్ళు మొగ్గారు. జింకలనూ దానితోనే కొట్టారు. 1993లో జింకలవేటకు .270 దాకా అనుమతి వచ్చింది.

చట్టం తూటా వ్యాసాన్ని కొలిచింది. జంతువు బాధ మాత్రం తూటా శక్తిని బట్టి ఉంటుంది. కొలవాల్సింది ఏదో ముందు తెలుసుకోవాలని ఇంజనీరుగా నేను నేర్చుకున్న పాఠమూ ఇదే.