విశాఖ టూర్: ఘాజీని ముంచింది కురుసుర కాదు.. ఒక్క రోజులో చూడదగ్గ యుద్ధ గుర్తులివే..

విశాఖ వెళ్లిన ప్రతి ఒక్కరూ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ ముందు సెల్ఫీ దిగుతారు. కానీ ఈ నగరంపై రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డాయని, 1971లో తీరానికి కొద్ది దూరంలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగిపోయిందని తెలిసినవాళ్లు తక్కువ. గైడ్‌తో కలిసి ఒక్క రోజు కేటాయిస్తే ఈ కథంతా బీచ్ రోడ్డు మీదే చూసేయొచ్చు.

టూర్‌ను విశాఖ మ్యూజియంతో మొదలుపెడితే మంచిది. పాత డచ్ బంగ్లాలో ఉంటుందిది. ఇక్కడ జనం పెద్దగా ఆగకుండా వెళ్లిపోయే వస్తువు ఒకటుంది. 1942లో జపాన్ విమానాలు వేసిన బాంబు షెల్ అది. 1942 ఏప్రిల్ 6న.. అంటే ఈస్టర్ మర్నాడు.. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన జపాన్ విమానాలు విశాఖపై దాడి చేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. హార్బర్, ఓడలే టార్గెట్. ఆ భయానికి చాలా కుటుంబాలు ఊరొదిలి పల్లెలకు వెళ్లిపోయాయి. పాత విశాఖ ఇళ్లల్లో తాతలు, అమ్మమ్మలు చెప్పిన ‘బాంబులేసిన ఏడాది’ ఇదే.

నిజానికి ఈ తీరానికి యుద్ధం అప్పుడే కొత్తేం కాదు. 1804 సెప్టెంబర్‌లోనే ఫ్రెంచ్ అడ్మిరల్ లినోయిస్ నౌకలు ఇక్కడ లంగరేసిన బ్రిటిష్ ఓడ సెంచూరియన్ మీద పడ్డాయి. అయితే దాన్ని గుర్తుచేసేలా టూరిస్టులకు కనిపించేది పెద్దగా ఏమీ లేదు.

అక్కడి నుంచి ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకానికి వెళ్లాలి. 1971 యుద్ధంలో పాల్గొన్న నౌకాదళం గుర్తుగా 1996లో కట్టారు. ఏటా డిసెంబర్ 4న నేవీ డే రోజు ఇక్కడే పుష్పగుచ్ఛాలుంచి నివాళులర్పిస్తారు. చాలామంది ఐదు నిమిషాల్లో చూసి వెళ్లిపోతారు కానీ, అసలు కథ ఇక్కడే ఉంది.

పీఎన్‌ఎస్ ఘాజీ అప్పట్లో పాకిస్తాన్‌కు పెద్ద ఆయుధం. అమెరికా నుంచి 1964లో తీసుకున్న పాత సబ్‌మెరైన్. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు పంపేసిన తూర్పు నౌకాదళం, అది విశాఖలోనే ఉందన్నట్టు దొంగ సిగ్నళ్లు పంపింది. వల పన్నిన అధికారి అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్.కృష్ణన్. డిసెంబర్ 3-4 అర్ధరాత్రి హార్బర్ నుంచి బయటికొచ్చిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ డెప్త్ ఛార్జీలు వదిలింది. కాసేపటికే భారీ పేలుడు. ఘాజీలో ఉన్న 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు.

మన డెప్త్ ఛార్జీల వల్లే మునిగిందని భారత్ అంటుంది. లోపలి పేలుడో, తాను అమర్చిన మైన్లో కారణమని పాకిస్తాన్ వాదన. శకలాలు ఇప్పటికీ సముద్రం అడుగునే ఉన్నాయి.

ఇక కురుసుర. రానా నటించిన ‘ఘాజీ’ సినిమాలో మన సబ్‌మెరైనే ఘాజీని వేటాడుతుంది కాబట్టి, అది ఇదేననుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాదు. సినిమాలోది కల్పన. యుద్ధ సమయంలో కురుసుర అటువైపు అరేబియా సముద్రంలో గస్తీ కాస్తోంది. ఘాజీని ఎదుర్కొన్న రాజ్‌పుత్ అసలు సబ్‌మెరైనే కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత బ్రిటిష్ డిస్ట్రాయర్.

అలాగని కురుసుర తక్కువేం కాదు. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్ 18న నేవీలో చేరింది, 2001లో రిటైరైంది. 2002లో మ్యూజియంగా మారింది. పొడవు 91 మీటర్లు. లోపల 75 మంది వరకు ఉండేవారు. టార్పెడోల పక్కనే బంక్ బెడ్లు. ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. ఇక్కడ గైడ్లుగా రిటైర్డ్ నేవీ ఉద్యోగులు ఉంటారు. వాళ్లను తప్పకుండా ప్రశ్నలడగండి, బోర్డుల మీద లేనివి చాలా చెబుతారు.

రోడ్డు దాటితే టీయూ-142 విమానం. సబ్‌మెరైన్లను వెతికి వేటాడే ఈ రష్యన్ విమానం 29 ఏళ్లు సేవలందించి 2017 మార్చిలో రిటైరైంది. అదే ఏడాది డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ మ్యూజియాన్ని ప్రారంభించారు. వేటాడేది, వేటకు గురయ్యేది ఎదురెదురుగా ఉండటం పిల్లలకు భలే నచ్చుతుంది.

కురుసుర, టీయూ-142 సాధారణంగా మధ్యాహ్నం నుంచి తెరుస్తారు, సోమవారం సెలవు. అందుకే ఉదయం మ్యూజియం, స్మారకం.. సాయంత్రం ఇవి పెట్టుకుంటే కుదురుతుంది. ఆదివారం కురుసుర దగ్గర క్యూ ఎక్కువ. వెళ్లేముందు టైమింగ్స్, టికెట్ ధరలు ఒకసారి చెక్ చేసుకోండి.