బ్రిటిష్ క్లాసిక్ కార్లు – గోదావరి డెల్టా

ఇరవయ్యో శతాబ్దం మొదటి ఆరేడు దశాబ్దాల్లో ఇంగ్లండులో చేతిపనికి పెద్దపీట వేసి తయారుచేసిన రోల్స్ రాయిస్, బెంట్లీ, డైమ్లర్, హంబర్, జాగ్వార్ వంటి కార్లను క్లాసిక్ కార్లంటారు. ఇంగ్లండులో 1934లో ఏర్పడిన వింటేజ్ స్పోర్ట్స్ కార్ క్లబ్ లెక్కలో 1930 చివరిలోపు తయారైనవే వింటేజ్. మన దగ్గర పాత కారు ఏదైనా వింటేజే. తెలుగు నేలమీద ఈ కార్ల కథ రెండు తావుల్లో నడిచింది. హైదరాబాదులో అది నిజాం ప్యాలెస్‌లో మొదలై ప్రదర్శనశాలకు చేరింది. గోదావరి డెల్టాలో జమీందార్ల లోగిళ్ళలో మొదలై, అక్కడ నిలవక, మెకానిక్ షెడ్డులో స్థిరపడింది. డెల్టాలో ఈ కార్ల మీద ఇప్పటికీ కనిపించే మమకారం హోదా కోసం పుట్టింది కాదు, విప్పి చూడటం, బాగుచేయడం తెలిసిన చేతుల నుంచి పుట్టింది.

కీర్తి ఎలా వచ్చింది

ఛార్లెస్ రోల్స్, హెన్రీ రాయిస్ 1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో కలుసుకున్నారు. రాయిస్ కార్లు తయారుచేయాలి, రోల్స్ అమ్మాలి, ఇదీ ఒప్పందం. 1906లో కంపెనీ ఏర్పడింది. ఆ ఏడే వచ్చిన 40/50 హార్స్‌పవర్ కారుకు ఆరు సిలిండర్లు, 7 లీటర్ల ఇంజను. వెండి రంగు వేసిన ఒక కారుకు కంపెనీ పెట్టిన పేరు సిల్వర్ ఘోస్ట్, తరువాత ఆ రకం మొత్తానికీ అదే పేరు నిలిచింది. 1907లో లండన్, గ్లాస్గోల మధ్య తిరిగి తిరిగి 14,371 మైళ్ళు మొరాయించి ఆగకుండా నడిచిన కారు అదే. మరుసటి ఏడు ‘పర్ల్ ఆఫ్ ది ఈస్ట్’ అనే మరో రోల్స్ రాయిస్ బొంబాయి, కొల్హాపూర్ మధ్య ఘాట్ రోడ్ల మీద జరిగిన పరీక్షలో నెగ్గింది. ఎండకూ, దుమ్ముకూ, ఎగుడు దారికీ తట్టుకుంటుందని రుజువయ్యాక మన సంస్థానాధీశుల ఆర్డర్లు వరసకట్టాయి.

ఒక సంగతి గమనించాలి. ఆ రోజుల్లో కంపెనీ అమ్మింది కారు మొత్తాన్ని కాదు, ఛాసిస్, ఇంజను మాత్రమే. పైన కట్టే బాడీ బార్కర్, హూపర్, త్రప్ అండ్ మేబర్లీ వంటి కోచ్‌బిల్డర్ల పని. వాళ్ళు గుర్రపు బగ్గీలు చేసి చేసి చేయి తిరిగినవాళ్ళు. యాష్ అనే ఇంగ్లండు కలపతో చట్రం కట్టి, దానిమీద అల్యూమినియం రేకును సుత్తితో కొట్టి తొడిగేవారు. కాబట్టి ఒకే ఏడాది ఒకే రకం ఛాసిస్ కొన్న ఇద్దరి కార్లు ఒకదానికొకటి పోలికే ఉండేవి కావు. కంసాలికి మన చేతి కొలత ఇచ్చి గాజులు చేయించుకోవడం వంటిదది.

హైదరాబాదు సింహాసన కారు

ఈ కొలతిచ్చి చేయించుకునే పద్ధతికి తెలుగు నేలమీద మిగిలిన గొప్ప సాక్ష్యం నిజాం సిల్వర్ ఘోస్ట్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో దీన్ని ఆర్డరు చేశారు. ఆ ఏడు ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. 1912లో తయారైన కారు కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ సంస్థ. ఒళ్ళంతా పసుపు రంగు. పైకప్పు గుమ్మటంలా లేచి ఉంటుంది, ఎందుకంటే లోపల వెనుక సీటు ఇతర సీట్లకంటే ఎత్తులో సింహాసనంలా అమర్చి ఉంది. తలపాగాతో కూర్చున్న ప్రభువు దారి పక్కన నిలబడ్డ జనానికి నిండుగా కనిపించాలి, అదీ లెక్క. అంబారీ మోసే ఏనుగు చేసే పనినే ఈ కారు చేసింది.

దీన్ని పండగలకూ దర్బారులకూ తప్ప బయటికి తీయలేదు. అందుకే తిరిగిన దూరం చాలా తక్కువ. ఇటీవలి కాలంలో బాగుచేయించిన ఈ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్ ఆవరణలో ఉంది. చూడటానికి వెళ్ళినవారు బంగారు వెండి నగిషీ దగ్గర ఆగిపోకుండా తలుపు కీలు దగ్గరా, మడ్‌గార్డు వంపు దగ్గరా కాసేపు నిలబడాలని ఈ వ్యాసకర్త మనవి. యంత్రం ముద్ర కొట్టిన రేకుకు ఆ వంపు రాదు.

రోల్స్ రాయిస్ కార్లతో చెత్త ఎత్తించిన మహారాజు కథ ఒకటి మన ఊళ్ళలో బాగా చెప్పుకుంటారు. ఒకరు అల్వార్ రాజంటారు, ఇంకొకరు నిజాం అంటారు. లండన్ షోరూములో అవమానం జరిగితే పగ తీర్చుకున్నాడని కథ. ఏ సంస్థానానికి చెందినదైనా దీనికి నిలిచే ఆధారం లేదు. పాలించిన దొర మీద ఆ దొర వస్తువుతోనే గెలవాలన్న కోరిక మాత్రం అందులో నిజం. బ్రిటిష్ కారు మీద మన జనానికున్న మోజులో ఆ పాలు ఎప్పుడూ కొంత ఉంది.

నీటి దారుల సీమలో

డెల్టాలో సంగతి వేరు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలే ఇక్కడ రహదారులు. కాకినాడ, ఏలూరు, నరసాపురం వైపు సాగిన కాలువల మీద ధాన్యం, బెల్లం, కలప, మనుషులూ పడవల్లోనే కదిలేవారు. ఒండ్రు మట్టి నేల మీద వానాకాలంలో బండి చక్రమే ఇరుసు దాకా దిగబడేది. మోటారు సంగతి చెప్పేదేముంది! రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన రైలుకే గాని కారుకు దారి ఇవ్వలేదు. అక్కడ రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో గాని రాలేదు. అంతవరకూ రాజమండ్రి కారు కొవ్వూరు చేరాలంటే గోదారి దాటించే సాధనం మీద ఎక్కాల్సిందే. డెల్టా పాయల మీద ఆ సాధనం పేరు పంటు. రెండు నావలు జతచేసి పైన పలకలు పరిచి, ఒడ్డు నుంచి రెండు దుంగల మీదుగా కారును మెల్లగా దాని మీదికి నడిపిస్తారు. చక్రం ఒక జానెడు పక్కకు జరిగితే కారు నీళ్ళలో ఉంటుంది. చక్రాల కింద రాళ్ళు పెట్టి, చోదకుడు స్టీరింగు వదలకుండా కూర్చుంటాడు, యజమాని దిగి గట్టున నిలబడతాడు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వసిష్ఠ మీద పంటు ప్రయాణం ఈ కాలం వారు కూడా ఎరిగినదే.

ఇలాంటి సీమలో మోటారు కొన్న తొలి తరం జమీందార్లు, కాకినాడ రేవులో వ్యాపారం చేసిన ఇంగ్లీషు కంపెనీల దొరలు, ఆ తరువాత పట్నాల ప్లీడర్లు, డాక్టర్లు. కొనుగోలుకు పోవలసింది మద్రాసుకే. మౌంట్ రోడ్డులో సింప్సన్, అడిసన్ సంస్థలుండేవి. 1840లో బగ్గీల తయారీతో మొదలైన సింప్సన్ 1903లో ఆవిరి కారునే తయారుచేసి నడిపింది. పెద్ద లోగిళ్ళకు పెద్ద కార్లు వస్తే, డాక్టర్ల ఇళ్ళకు 1922లో పుట్టిన ఆస్టిన్ సెవెన్ వంటి బుల్లి కార్లు సరిపోయేవి. బస్సునూ కారునూ కలిపి మోటారనేవారు. సొంత కారును వేరుచేసి చెప్పాలంటే ‘ప్లెజరు’ అనే మాట ఉండేది. సుఖం కోసం పెట్టుకున్న బండి అని ఆ మాటలోనే ఉంది.

మరి ఆ పెద్ద కార్లు ఏమయ్యాయి? 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో పిఠాపురం మొదలు చిన్నా పెద్దా జమీందారీలన్నీ పోయాయి. ఇక్కడే మైసూరు, జైపూరు, హైదరాబాదు వంటి సంస్థానాలకూ డెల్టా జమీందార్లకూ తేడా. సంస్థానాధీశులకు 1971 దాకా ప్రభుత్వం రాజభరణం ఇచ్చింది. వాళ్ళు కార్లను షెడ్డుల్లో ఉంచుకోగలిగారు. జమీందార్లకు భరణం లేదు, శిస్తు లేదు. దిగుమతులకు కళ్ళెం పడి విడిభాగాలు దొరకడం కష్టమైంది. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లిచ్చే బండిని పోషించడం తలకు మించిన భారమైంది. దానితో పెద్ద కార్లు ఇల్లు దాటాయి. డెల్టాలో కార్ల మ్యూజియం ఒక్కటీ లేకపోవడానికి కారణం అభిరుచి లేకపోవడం కాదు, చరిత్ర నడిచిన తీరు.

మోరిస్ ఇంజను వారసత్వం

బ్రిటిష్ కారు ఇక్కడి నుంచి పోలేదు, వేషం మార్చుకుని మళ్ళీ వచ్చింది. ఇంగ్లండులో 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్‌ను హిందుస్థాన్ మోటార్స్ కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 1957 నుంచి అంబాసిడర్ పేరుతో తయారుచేసింది. 2014లో ఫ్యాక్టరీ మూతపడేదాకా ఆ ఆకారం దాదాపు మారలేదు. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డ్‌ను 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్‌గా అందించింది.

అంబాసిడర్లో చాలాకాలం నడిచిన 1,489 సీసీ పెట్రోలు ఇంజను మోరిస్ మాతృసంస్థ బీఎంసీ తయారుచేసిన బి సిరీస్‌ది. 1955లో ఎంజీ ఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టింది ఇదే ఇంజనును, కాస్త పదునుపెట్టి. అంటే కాకినాడ, రాజమండ్రి టాక్సీ స్టాండులో పెళ్ళి బేరం కోసం నిలబడ్డ బండికీ, లండన్ పెద్దమనుషులు ముచ్చటగా తోలుకున్న రెండు సీట్ల బండికీ గుండె ఒకటే. డెల్టా మెకానిక్కులు రెండు మూడు తరాలపాటు ఈ ఇంజను విప్పి బిగించారు. టాపెట్లు సర్దడం, వాల్వులు గ్రైండింగ్ చేయడం, సిలిండర్లు బోరింగ్ చేయించి లైనర్లు వేయడం, దొరకని బుష్షును లేత్ షాపులో తోడించడం వారికి వెన్నతో పెట్టిన విద్య. అందుకే ఎక్కడినుంచో పాత హంబరో, జాగ్వారో కొని తెచ్చుకున్నవారు ఇక్కడ నిస్సహాయులు కారు.

మమకారం ఎందుకు

అందం, అరుదుతనం, అంతస్తు కారణాలన్నది అందరూ చెప్పేదే. ఆ కార్లతో మెలిగినవారికి అసలు ఆకర్షణ వస్తువుతో చేసే మాటామంతీ. ఒక పానా చూడండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి బ్రిటిష్ కార్ల నట్లు విట్‌వర్త్ కొలతవి. పానా మీద పావు అని రాసి ఉంటే దాని నోరు పావు అంగుళం కాదు, బోల్టు కాడ మందం పావు అంగుళం అని. నోరు అర అంగుళం పైచిలుకు, 13.3 మిల్లీమీటర్లు. ఇవాళ్టి 13 పానా ఎక్కదు. 14 ఎక్కి జారుతుంది, రెండు తిప్పులకు నట్టు మూలలు అరిగి గుండ్రమైపోతుంది. తెలిసిన మెకానిక్కు పాత విట్‌వర్త్ పానాల సెట్టును నూనె గుడ్డలో చుట్టి దాచుకుంటాడు, ఎవరికీ అరువివ్వడు.

చాలా కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొసను ఛాసిస్‌కు కలుపుతారు, మనకు అలవాటైన దానికి తలకిందులు. ఎస్‌యూ కార్బురేటర్ మరో ముచ్చట. చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబంవారు కనిపెట్టిన ఆ పరికరంలో మొదట తోలు తిత్తి ఉండేది, కొలిమి తిత్తిలాగే. తరువాత దాని స్థానంలో పిస్టను వచ్చింది. దాని మూత విప్పి నాలుగు చుక్కలు పల్చటి నూనె వేస్తే, తడబడుతూ నడిచే ఇంజను నిమిషంలో కుదుటపడుతుంది. ఆ నిమిషం కోసమే ఇంత శ్రమ పడతారు.

డెల్టాలో ఈ కార్లకు పగవాడు తేమ. సముద్రపు గాలిలోని ఉప్పు మడ్‌గార్డు అంచుల్ని తినేస్తుంది, తోలు సీట్లకు బూజు పడుతుంది, కలప చట్రానికి చెదలు ఎక్కుతాయి. పుచ్చిన యాష్ చట్రానికి బదులు మన వడ్రంగి టేకుతో అతుకు వేస్తే మూలపు రూపం చెడుతుందని వాదించేవారున్నారు. ఈ వ్యాసకర్తకు ఆ వాదన అంగీకారం కాదు. తాళ్ళరేవు దగ్గర కలపతో ఓడలు కట్టిన చేతుల సీమ ఇది, ఇక్కడ బతికిన కారు ఇక్కడి కలపతో నిలబడితే అది కూడా దాని చరిత్రే.

చట్టం, ఇంధనం

2021 జూలైలో కేంద్రం మోటారు వాహనాల నియమాల్లో పాత బళ్ళకు చోటిచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చనివి వింటేజ్ కింద నమోదవుతాయి. నంబరు పలక మీద రాష్ట్రం అక్షరాల తరువాత ‘వీఏ’ ఉంటుంది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు, తిరిగి నమోదుకు 5,000. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు నడుపుకోవచ్చు. రోజువారీ తిరుగుడుకూ వ్యాపారానికీ పనికిరాదు. అంటే కిరాయికి పెళ్ళి ఊరేగింపులో తిప్పడం కుదరదు.

ఇంధనం చిక్కు వేరు. 2000 నుంచి పెట్రోలులో సీసం లేదు, కాబట్టి సిలిండర్ హెడ్‌లో గట్టి వాల్వు సీట్లు వేయించకపోతే అరిగిపోతాయి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్. చెరకు, ధాన్యం నుంచి తీసే ఈ సరుకు పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని జాగ్రత్త తెలిసినవారు ముసురు పట్టే ముందే ట్యాంకు ఖాళీ చేస్తారు. టైర్లు నేలకు ఆనకుండా ఇరుసుల కింద చెక్క దిమ్మెలు పెట్టి బండిని ఎత్తుతారు, సీట్ల సందుల్లో ఎండు వేపాకు పరుస్తారు. వాన తెరిపిచ్చిన రోజున షెడ్డు తలుపులు బార్లా తెరిచి, హ్యాండిలుతో ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, పిస్టన్లు పట్టెయ్యలేదని చూసుకుని మళ్ళీ గుడ్డ కప్పుతారు.