భిలాయి ఉక్కుకు బస్తర్ యుద్ధం ఏం చేసింది?

హౌరా-ముంబై రైలు మార్గంలో రాయపుర్ నుంచి దుర్గ్ వైపు వెళ్తుంటే భిలాయి-3 వస్తుంది. ఉక్కు కర్మాగారం సెక్టార్లు ఇంకా ముందున్నాయి. ఇది భిలాయి-చరోడా నగరపాలక సంస్థ పరిధిలోని రైల్వే ఊరు. పెద్ద మార్షలింగ్ యార్డు, లోకో షెడ్డు, వాటి చుట్టూ కాలనీలు. రైల్వేలోనూ ఉక్కు కర్మాగారంలోనూ పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలానే ఉన్నాయి. బస్తర్ అడవులు ఇక్కడికి నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో మొదలవుతాయి. తుపాకుల చప్పుడు ఈ ఊరికి ఎన్నడూ వినపడలేదు.

అయినా నాలుగు దశాబ్దాల బస్తర్ యుద్ధం భిలాయిని వదల్లేదు. అది ఇక్కడికి ఇనుప ఖనిజం రూపంలో, రైలు పట్టాల రూపంలో, ఎన్నికల ఫలితాల రూపంలో వచ్చింది. 1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వంలో పీపుల్స్‌వార్ ఏర్పడింది. ఆ ఏడాదే చిన్న చిన్న దళాలు గోదావరి దాటి బస్తర్, గడ్చిరోలి అడవుల్లోకి వెళ్లాయి. 2004 సెప్టెంబర్‌లో ఎంసీసీఐతో కలిసి అది సీపీఐ (మావోయిస్టు)గా మారింది. ‘దీర్ఘకాలిక ప్రజాయుద్ధం’ అని ఆ పార్టీ తన పంథాకు పేరు పెట్టుకుంది. ఆ యుద్ధం గురించి రాసేవాళ్లు ఎక్కువగా చావుల లెక్క రాస్తారు. అది రాయాల్సిందే. అయితే ఆ యుద్ధం ఒక రాష్ట్రపు ఆర్థిక వ్యవస్థనూ, రాజకీయాలనూ ఎలా మలిచిందో చూడటానికి భిలాయి మంచి చోటు.

దల్లీ రాజహరా నుంచి రావ్‌ఘాట్‌కు

భిలాయి ఉక్కు కర్మాగారానికి 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పది లక్షల టన్నులతో మొదలైన సామర్థ్యం మెల్లగా 40 లక్షల టన్నులకు చేరింది. 2018 జూన్‌లో ప్రధాని జాతికి అంకితం చేసిన విస్తరణతో అది 70 లక్షల టన్నుల స్థాయికి పెరిగింది. భారత రైల్వేలకు పట్టాలు ప్రధానంగా ఇక్కడి నుంచే వెళ్తాయి.

ఈ కర్మాగారానికి ఖనిజం మొదటి నుంచీ దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజహరా గనుల నుంచి వస్తోంది. కొలిమిలో ఒక టన్ను ఇనుము కరిగించాలంటే సుమారు టన్నున్నర పైనే ఖనిజం పోయాలి. సామర్థ్యం 70 లక్షల టన్నులైతే ఏటా కోటి టన్నులకు మించి ఖనిజం కావాలి. దల్లీ రాజహరాలో అరవై ఏళ్లుగా తవ్వుతున్నారు. మంచి ఖనిజం అడుగంటుతోందని యాజమాన్యానికి ఎప్పుడో తెలుసు. అందుకే కాంకేర్, నారాయణ్‌పుర్ జిల్లాల సరిహద్దులోని రావ్‌ఘాట్ కొండలపై దాని చూపు పడింది. అక్కడ 70 కోట్ల టన్నులకు పైగా ఖనిజం ఉందని అంచనా. ఛత్తీస్‌గఢ్‌లో బైలాడిలా తర్వాత అంతటి నిల్వ మరోటి లేదు.

రావ్‌ఘాట్ కోసం భిలాయి మొదట దరఖాస్తు చేసింది 1983లో. పర్యావరణ, అటవీ అనుమతులు వచ్చింది 2009లో. ఖనిజం కదిలింది 2022లో. అదీ అంజ్రేల్ అనే చిన్న భాగం నుంచి, లారీల్లో అంతాగఢ్ స్టేషన్ దాకా తెచ్చి, అక్కడ రైలుకెక్కించి. అసలు గని ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. దరఖాస్తుకూ మొదటి ఖనిజానికీ మధ్య దాదాపు నలభై ఏళ్లు గడిచాయి.

ఈ ఆలస్యాన్నంతా మావోయిస్టుల ఖాతాలో వేయడం ప్రభుత్వ వర్గాలకు అలవాటు. అది సగం నిజమే. 1983లో అక్కడ దళాలు నామమాత్రంగా ఉన్నాయి. అయినా ఫైలు ఇరవై ఆరేళ్లు నడిచింది. అబూజ్‌మాఢ్ అంచున ఉన్న దట్టమైన అడవి అది. ఆ కొండను రాజారావు దేవుడి నెలవుగా కొలిచే గోండు పల్లెలు చుట్టూ ఉన్నాయి. యుద్ధం లేకపోయినా అనుమతి తేలిగ్గా వచ్చేది కాదు, రాకూడదు కూడా. 2009 తర్వాత పరిస్థితి వేరు. అప్పటికి కాగితం చేతిలో ఉంది, కొండ చేతిలో లేదు.

రైలు మార్గం సంగతి ఇంకా స్పష్టం. దల్లీ రాజహరా నుంచి రావ్‌ఘాట్‌కు 95 కిలోమీటర్ల లైను కోసం 2007 డిసెంబర్‌లో రైల్వే శాఖ, సెయిల్, ఎన్‌ఎండీసీ, రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నాయి. 2016లో గుదుం దాకా, 2018 ఏప్రిల్‌లో భానుప్రతాప్‌పుర్ దాకా, 2022లో అంతాగఢ్ దాకా రైళ్లు నడిచాయి. మైదానంలో మూడు నాలుగేళ్లలో అయ్యే పనికి ఇక్కడ పదిహేనేళ్లు చాల్లేదు. లైను పనికి కాపలాగా సశస్త్ర సీమా బల్ బెటాలియన్లను దించారు. నేపాల్, భూటాన్ సరిహద్దులను కాయాల్సిన బలగం అది. రైలు కంటే ముందు క్యాంపు, క్యాంపు చుట్టూ చదును చేసిన అడవి, దాని పక్కన రోడ్డు. ఈ వరసలోనే లైను ముందుకు సాగింది. ఇలా వేసిన పట్టాల అసలు ఖర్చు రైల్వే లెక్కల్లో ఉన్నదొక్కటే కాదు, బలగాల జీతాలూ అందులో కలుస్తాయి.

దూరపు యుద్ధం భిలాయిని ఎలా తాకిందో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేయగానే కోకింగ్ బొగ్గు ధర అంతర్జాతీయంగా కొన్ని వారాల్లోనే రికార్డు స్థాయికి ఎగబాకింది. భారత ఉక్కు కర్మాగారాలు వాడే కోకింగ్ బొగ్గులో అత్యధిక భాగం దిగుమతే. అదే ఏడాది మేలో కేంద్రం ఉక్కు ఎగుమతులపై 15 శాతం సుంకం వేసి, నవంబర్‌లో ఎత్తేసింది. వేల మైళ్ల అవతలి యుద్ధం వారాల్లో వచ్చి నెలల్లో సద్దుమణిగింది. పక్క జిల్లా యుద్ధం పేపర్లలో ధరల పేజీకి ఎన్నడూ ఎక్కలేదు. కానీ ఒక తరం పాటు కర్మాగారపు ప్రణాళికను ముందుకు కదలనివ్వలేదు.

గనులు ఆగిన చోట, ఆగని చోట

యుద్ధం వల్ల బస్తర్‌లో పెట్టుబడి రాలేదన్న మాటను కొంచెం సరిచూసుకోవాలి. బైలాడిలాలో ఎన్‌ఎండీసీ తవ్వకం యుద్ధకాలమంతా సాగింది. కొత్తవలస-కిరండూల్ లైను మీద ఖనిజం విశాఖకు వస్తూనే ఉంది. పట్టాలు తొలగించడం, గూడ్సు రైళ్లు పడగొట్టడం జరిగినప్పుడు కొన్ని రోజులు ఆగేది, మళ్లీ నడిచేది. కిరండూల్ నుంచి విశాఖకు ఎస్సార్ వేసిన 267 కిలోమీటర్ల ఖనిజ పైపులైను 2009లో మావోయిస్టుల దాడికి గురైంది. నగర్నార్‌లో ఎన్‌ఎండీసీ కట్టిన ఉక్కు కర్మాగారాన్ని 2023 అక్టోబర్‌లో జాతికి అంకితం చేశారు. ఆగిపోయినవి కొత్త గనులూ, ప్రైవేటు కర్మాగారాలూ.

లోహండీగుడా అందుకు పెద్ద ఉదాహరణ. 2005 జూన్‌లో టాటా స్టీల్ అక్కడ కర్మాగారానికి ఒప్పందం చేసుకుంది. అదే నెలలో పక్క జిల్లాల్లో సల్వాజుడుం మొదలైంది. రెండింటికీ నేరుగా ముడి ఉందా అన్నది ఇరవై ఏళ్లుగా నడుస్తున్న వాదన. జరిగింది మాత్రం ఇది: పది ఊళ్లలో 1,707 మంది రైతుల భూమి తీసుకున్నారు, కర్మాగారం రాలేదు, 2016లో కంపెనీ తప్పుకుంది. 2018 చివర్లో కొత్త ప్రభుత్వం ఆ భూమిని తిరిగి ఇచ్చేయాలని నిర్ణయించింది. పరిశ్రమ కోసం సేకరించిన భూమిని అంత పెద్ద ఎత్తున రైతులకు వెనక్కిచ్చిన సందర్భాలు దేశంలో అరుదు.

ఉద్యోగాల మాటకొస్తే, గనులు ఇవ్వని ఉద్యోగాలు యుద్ధం ఇచ్చింది. జిల్లా రిజర్వ్ గార్డులు, సీఆర్పీఎఫ్ బస్తరియా బెటాలియన్, బస్తర్ ఫైటర్స్. చదువుకున్న ఆదివాసీ యువకుడికి ప్రభుత్వ జీతం దొరికే దగ్గరి దారి ఇవే అయ్యాయి. లొంగిపోయినవాళ్లు కూడా వీటిలో చేరారు. బలగాలు వెనక్కి వెళ్లిపోయే రోజు వస్తే ఈ జీతాల ఆర్థిక వ్యవస్థ ఏమవుతుందో ఆలోచించినట్టు కనపడదు.

కార్మిక రాజకీయాలకూ దెబ్బ తగిలింది. దల్లీ రాజహరా గని కార్మికులు 1977లో శంకర్ గుహ నియోగి నాయకత్వంలో సొంత సంఘం కట్టుకున్నారు. 1983లో తమ చందాలతో షహీద్ ఆసుపత్రి పెట్టుకున్నారు. 1991 సెప్టెంబర్ 28న నియోగి భిలాయిలో హత్యకు గురయ్యారు. ఆ హత్యకు మావోయిస్టులతో సంబంధం లేదు. కానీ ఆ ఆసుపత్రి నిర్మాణంలో పాలుపంచుకున్న డాక్టర్ బినాయక్ సేన్‌ను 2007 మేలో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. 2010లో రాజద్రోహం కేసులో యావజ్జీవ శిక్ష పడింది, 2011 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. సంఘం పెట్టుకోవడానికీ, దళంలో చేరడానికీ మధ్య తేడాను చట్టం చూడటం మానేసిన కాలం అది.

ఝీరం లోయ తర్వాత

2013 మే 25న బస్తర్‌లోని ఝీరం లోయలో కాంగ్రెస్ పరివర్తన్ యాత్రపై మావోయిస్టులు దాడి చేశారు. సల్వాజుడుం నాయకుడు మహేంద్ర కర్మ, రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు నంద్‌కుమార్ పటేల్, ఆయన కుమారుడు చనిపోయారు. గాయపడ్డ విద్యాచరణ్ శుక్లా జూన్‌లో కన్నుమూశారు. రాష్ట్రంలో ఒక పార్టీ నాయకత్వం ఒక్క సాయంత్రంలో తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఖాళీ తర్వాత పార్టీ పగ్గాలు భూపేశ్ బఘేల్ చేతికి వచ్చాయి. ఆయన ఇల్లు భిలాయి-3లోనే. 2018లో కాంగ్రెస్ 90 సీట్లలో 68 గెలిచి ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. ఝీరంపై వేసిన న్యాయ విచారణ సంఘం 2021లో నివేదిక ఇచ్చినా, దాడి వెనుక కుట్ర ఉందా లేదా అన్న గొడవ రెండు పార్టీల మధ్య ఇంకా తెగలేదు.

బస్తర్‌లోని 12 సీట్ల లెక్క మరో కథ చెబుతుంది. 2013లో కాంగ్రెస్‌కు 8, 2018లో 11, 2023లో 4. క్యాంపులు, ఎన్‌కౌంటర్లు, జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీలు, భూమి. ఈ విషయాలపై ఇచ్చిన హామీలతో గెలిచిన పార్టీ, అధికారంలో క్యాంపులను ఆపలేదు, రావ్‌ఘాట్‌నూ ఆపలేదు. ఓటమికి ఇదొక్కటే కారణం కాదు. మతం మార్చుకున్న ఆదివాసీలకూ మిగతావారికీ మధ్య పెరిగిన వైరం కూడా పనిచేసింది. 2023 డిసెంబర్‌లో వచ్చిన విష్ణుదేవ్ సాయి ప్రభుత్వం కేంద్రంతో కలిసి దాడుల వేగం పెంచింది. 2024 ఒక్క ఏడాదిలోనే రాష్ట్రంలో 200 మందికి పైగా మావోయిస్టులను చంపామని పోలీసులు ప్రకటించారు.

సరిహద్దుకు ఇటువైపు

సల్వాజుడుం కాలంలో ఊళ్లు ఖాళీ చేసిన వేలాది ఆదివాసీలు ఖమ్మం, తూర్పు గోదావరి అడవుల్లోకి వచ్చారు. ఇక్కడ వారిని గుత్తికోయలంటున్నారు. అక్కడ భూమి పోయింది, ఇక్కడ పట్టా రాలేదు. పోడు కొట్టినప్పుడల్లా అటవీ శాఖతో గొడవే. బస్తర్ యుద్ధం తెలుగు రాష్ట్రాలకు తెచ్చిపెట్టిన అతి పెద్ద, అతి తక్కువగా చర్చకు వచ్చిన పర్యవసానం ఇదే.

సల్వాజుడుంను, ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడటాన్ని 2011 జులై 5న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమంది. ఆ తీర్పిచ్చిన ధర్మాసనంలో తెలంగాణకు చెందిన జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి ఉన్నారు. పద్నాలుగేళ్ల తర్వాత, 2025లో ఆయన ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసినప్పుడు అదే తీర్పును కేంద్ర హోంమంత్రి ఎన్నికల విమర్శగా వాడారు. యుద్ధం దేశ రాజకీయాల్లోకి ఏ తలుపు నుంచి వస్తుందో చెప్పడం కష్టం.

2025లో మావోయిస్టు పార్టీ దాదాపు కూలింది. ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు మే 21న నారాయణ్‌పుర్ అడవుల్లో హతమయ్యారు. అక్టోబర్‌లో మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలోనూ, తక్కళ్లపల్లి వాసుదేవరావు 200 మందికి పైగా సహచరులతో జగదల్‌పుర్‌లోనూ లొంగిపోయారు. నవంబర్ 18న మాడ్వి హిడ్మా మారేడుమిల్లి అడవిలో చనిపోయారు. 2026 మార్చి 31ని కేంద్రం గడువుగా పెట్టుకుంది.

భిలాయి కోణం నుంచి చూస్తే గనికి అడ్డు తొలగినట్టే. కానీ తుపాకీ అడ్డు వేరు, చట్టం అడ్డు వేరు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన అధికారం అలాగే ఉంది. యుద్ధం నడిచినన్నాళ్లూ ఆ సభలు క్యాంపుల నీడలో జరిగాయి, లేదా కాగితం మీద జరిగాయి. గనిని వ్యతిరేకించిన గ్రామస్తుడిపై మావోయిస్టు ముద్ర వేయడం అధికారికి తేలికైన పని. దళాలున్న చోట వేరే మాట మాట్లాడినవాడికి ఇన్‌ఫార్మర్ ముద్ర పడేది. రావ్‌ఘాట్ ఊళ్లు అసలు ఏం కోరుకుంటున్నాయో భయం లేకుండా అడిగే అవకాశం ఇప్పుడే మొదటిసారి వస్తోంది. అయితే పనులు ఆ ప్రశ్న కోసం ఆగేలా లేవు. కేశవరావు మరణించిన నెలలోనే, 2025 మేలో, రావ్‌ఘాట్ నుంచి జగదల్‌పుర్ దాకా 140 కిలోమీటర్ల కొత్త లైనుకు రైల్వే శాఖ 3,513 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది.